కొత్త కార్డు మీద నింద వేసే ముందు

"మావయ్యా, కార్డు డెడ్. రిటర్న్ పెట్టేస్తున్నా."

2023 వేసవిలో ఒక రాత్రి పదిన్నరకి మా అక్క కొడుకు ఫోన్ చేసి అన్న మాట ఇది. అప్పుడు వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడి డెస్క్‌టాప్ 2018లో కొన్నది. ఐ5 8400 ప్రాసెసరు, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. సంక్రాంతికి పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బులూ, పిల్లలకి ట్యూషన్లు చెప్పి వెనకేసుకున్నదీ కలిపి ఆర్టీఎక్స్ 3060 తెప్పించుకున్నాడు. బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నల్లబడిపోతోంది.

"పాత కార్డు మళ్లీ పెట్టి చూశావా?"

"చూశా మావయ్యా. ఇప్పుడు దానికీ రావట్లేదు. కొత్తది బోర్డుని కూడా కాల్చేసినట్టుంది."

సగం పరిష్కారం ఆ జవాబులోనే ఉంది. వాడు మాత్రం దాన్ని కొత్త కార్డు చేసిన రెండో నేరం కింద రాసేసుకున్నాడు.

కొత్త కోడలు గడపలో కాలుపెట్టిన రోజే గేదె పాలు ఇవ్వడం మానేసిందనుకోండి. ఇంట్లో వేళ్లన్నీ ఎటు తిరుగుతాయో మనకు తెలుసు. ఆ పెళ్లి హడావిడిలో గేదెకి ఎవరైనా దాణా వేశారా అని మాత్రం ఎవరూ అడగరు. కంప్యూటర్ విషయంలోనూ మనం చేసేది అదే. కొత్తగా వచ్చింది, ఖరీదైంది, కళ్లెదురుగా ఉన్నది ఏదో దాని మీద నింద వేసేస్తాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కార్డు మార్చాక కంప్యూటర్ మొరాయిస్తే, "ఏది పాడైంది?" అని కాదు, "చివరిసారి బాగా పనిచేసినప్పటి నుంచి ఏమేం మారాయి?" అని అడగండి. మొదటి ప్రశ్న ఊహల వెంట తిప్పుతుంది. రెండోది తీసుకెళ్లి జవాబు దగ్గర నిలబెడుతుంది.

ఒక్కటే మార్చానన్న మాట

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. స్క్రూడ్రైవర్ ఇవ్వబోయాడు. కాగితం, పెన్ను అడిగాను.

"ఏమేం మార్చావో రాయి."

"కార్డు ఒక్కటే మావయ్యా."

"నిన్న పొద్దున బాగా నడిచిందన్నావు కదా. అప్పట్నుంచి రాత్రి ఫోన్ చేసేదాకా నీ చేతులు ఎక్కడెక్కడ తగిలాయో అన్నీ రాయి."

గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. పాత డ్రైవర్ తీసేశాడు. ఎలాగూ విప్పాం కదా అని క్యాబినెట్ బాల్కనీలోకి తీసుకెళ్లి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ర్యామ్ స్టిక్కులు రెండూ పీకి, పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాడు. కొత్త కార్డు పొడుగు కాబట్టి అడ్డొస్తున్న హార్డ్‌డిస్క్ కేబుల్ పక్కకి జరిపాడు. కార్డు బిగించాడు. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్సెంపీఎస్‌కి ఎనిమిది పిన్నుల తీగ లేకపోతే, రెండు మోలెక్స్ పిన్నులని కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే కన్వర్టర్ 150 రూపాయలకు తెచ్చి తగిలించాడు. చివరికి టేబుల్ జరిపి ప్లగ్గులు మార్చాడు.

ఒక్కటే అన్నది ఏడయింది. వాడేం అబద్ధం చెప్పలేదు. మనసుకి చేసిన పని గుర్తుంటుంది, ఆ పనిలో చేసిన చిన్నాచితకా గుర్తుండవు. "నిన్న ఏం తిన్నావు?" అని డాక్టర్ అడిగితే "మామూలు భోజనమే" అంటాం. మధ్యలో తిన్న మిరపకాయ బజ్జీలు లెక్కలోకి రావు.

అందుకే మొదటి సూత్రం: చేతిలోకి స్క్రూడ్రైవర్ కంటే ముందు కలం రావాలి. రెండో సూత్రం: ఒకసారికి ఒక్క మార్పు. మూడు మార్పులు ఒకేసారి చేసి కంప్యూటర్ లేచిందనుకోండి, మూడింట్లో ఏది మందో తెలియదు. లేవలేదనుకోండి, ఏది కొత్త జబ్బు తెచ్చిందో తెలియదు.

ఆగిన చోటే ఆనవాలు

బస్సు ఎక్కడ ఆగిందో చెప్పకుండా మెకానిక్‌ని పంపమంటే ఎక్కడికి పంపుతాం? బటన్ నొక్కిన దగ్గర్నుంచి ఆట ఆడేదాకా కంప్యూటర్ కూడా నాలుగు మజిలీలు దాటాలి. మీది ఏ మజిలీలో ఆగిందో ముందు తేల్చుకోండి.

మొదటిది కరెంటు. నొక్కినా చడీచప్పుడు లేకపోవడం, లేదా ఫ్యాను ఒక్క క్షణం తిరిగి టక్కున ఆగడం.

రెండోది స్వీయపరీక్ష. విండోస్ కంటే ముందే మదర్‌బోర్డు తన ప్రాసెసర్ని, ర్యామ్‌ని, గ్రాఫిక్స్ కార్డుని తడిమి చూసుకుంటుంది. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే బండి ఇక్కడ ఆగినట్టు.

మూడోది విండోస్ లేవడం. కంపెనీ లోగో కనబడి, ఆ తర్వాత ముందుకు కదలకపోవడం.

నాలుగోది బరువు మోయడం. బ్రౌజర్, సినిమా అన్నీ బాగానే ఉండి, ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు కుప్పకూలడం.

ఒక్కో మజిలీకి అనుమానితులు వేరు. రెండో మజిలీలో ఆగిన కంప్యూటర్‌కి డ్రైవర్ గురించి బెంగపడటం దండగ, అక్కడికింకా విండోసే రాలేదు. నాలుగో మజిలీదాకా నడిచిన కంప్యూటర్‌లో బోర్డు కాలిపోయిందని ఏడవడమూ దండగే.

విప్పే ముందు

గోడ దగ్గర స్విచ్ ఆపండి, తీగ పీకండి. తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుముని ఒకసారి తాకండి, మీ ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది. కార్డుని అంచులు పట్టుకునే ఎత్తండి, కింద బంగారు రంగులో మెరిసే పళ్లని ముట్టుకోకండి. ఎస్సెంపీఎస్ డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. తీగ పీకేశాక కూడా అందులోని కెపాసిటర్లు షాక్ దాచుకుని ఉంటాయి.

నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్సెంపీఎస్ వెనకున్న చిన్న స్విచ్చు, మదర్‌బోర్డులోకి వెళ్లే 24 పిన్నుల కనెక్టరు, ముందు బటన్ నుంచి వచ్చే సన్నని తీగ, ఈ మూడూ చూడండి. ఫ్యాను ఒక్కసారి తిరిగి ఆగిపోతుంటే జారిపడ్డ స్క్రూ ఏదైనా బోర్డు మీద ఇరుక్కుందేమో టార్చ్ వేసి వెతకండి. కార్డు తీసేస్తే లేస్తూ, పెడితే ఆగిపోతుంటే ఎస్సెంపీఎస్ తనని తాను కాపాడుకుంటోందని అర్థం.

తెర నల్లగా ఉంటే

ఖర్చు లేని పరీక్ష నుంచి ఖర్చున్న పరీక్షకి వెళ్లండి. తిరగేసి వెళ్లేవాళ్లే ఎక్కువ, జేబులు ఖాళీ అయ్యేది అక్కడే.

ముందు మానిటర్ కేబుల్. క్యాబినెట్ వెనక రెండు చోట్ల హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటాయి. పైన మౌస్, కీబోర్డు తగిలించే చోట నిలువుగా ఉన్నది మదర్‌బోర్డుది. దానికింద అడ్డంగా ఉన్నవి కొత్త కార్డువి. కార్డు పెట్టాక కేబుల్ కార్డులోనే ఉండాలి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కేబుల్ పైరంధ్రంలో ఉంచి కార్డుని మూడుసార్లు విప్పి బిగించినవాళ్లని చూశాను. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ కూడా సరిచూడండి. హెచ్‌డీఎంఐ తీసేసి డిస్‌ప్లేపోర్టు తగిలిస్తే కొన్ని మానిటర్లు తమంతట తాము మారవు.

తర్వాత కార్డు నెత్తిన పవర్ తీగ. 1050 టీఐలో చాలా మోడళ్లు స్లాటు ఇచ్చే కరెంటుతోనే బతికేస్తాయి. స్లాటు ఇవ్వగలిగింది మహా అయితే 75 వాట్లు. అంతకుమించి తినే కార్డుకి విడిగా వడ్డించాలి. ఆరు పిన్నుల తీగ 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు మోస్తుంది. ప్రాసెసర్‌కి వెళ్లేదీ ఎనిమిది పిన్నులే, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ప్రాసెసర్ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా విడిపోతుంది. దూరకపోతే బలవంతం చేయకండి, అది వేరే తీగ.

ఈ పవర్ పిన్ను విషయంలో పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. 2022 అక్టోబర్లో ఆర్టీఎక్స్ 4090 అమ్మకానికి వచ్చిన కొద్దిరోజులకే దాని కొత్తరకం పవర్ కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. విచారణ చేసిన చిప్ తయారీదారు ఎన్విడియా, ఎక్కువగా కనబడిన కారణం కనెక్టర్‌ని పూర్తిగా లోపలికి నొక్కకపోవడమేనని నవంబర్లో చెప్పింది. ఆ డిజైన్‌లో పొరపాటుకి చోటు మరీ ఎక్కువని విమర్శలూ వచ్చాయి, తర్వాత కనెక్టర్‌ని సవరించారు కూడా. మనకు కావలసిన పాఠం మాత్రం చిన్నదే: పిన్ను చివరిదాకా వెళ్లి కూర్చోవాలి, మొదట్లో ఖాళీ కనబడకూడదు.

మూడోది కార్డు కూర్చున్న తీరు. స్లాటు చివర ప్లాస్టిక్ గొళ్లెం టిక్కుమని పైకి లేవాలి. ఒక్కోసారి వెనక స్క్రూ బిగించగానే కార్డు రెండో కొస కాస్త పైకి లేస్తుంది. అందుకే స్క్రూ బిగించాక ఇంకోసారి చూడండి.

నాలుగోది ర్యామ్. కార్డు మార్చితే ర్యామ్ ఎందుకు చూడాలి అంటారేమో. చేయి పెట్టిన చోటికి పక్కనే ఉంటుంది కాబట్టి.

మా అక్క కొడుకు దగ్గర నేను ఆగింది ఇక్కడే. పాత కార్డుకి కూడా తెర రాలేదంటే నేరం కొత్త కార్డుది కాదు. పాతది పెట్టినా పాత స్థితి తిరిగి రాలేదంటే, కార్డుతో పాటు ఇంకేదో మారిందన్నమాట. అదేమిటో కాగితం మూడో లైనులో వాడి చేత్తోనే రాసి ఉంది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఒక స్టిక్కు కింది కొస గొళ్లెం సగమే మూసుకుని ఉంది. బయటికి తీస్తే స్లాటు గాడిలో తెల్లటి రబ్బరు పొడి. మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, రెండు బొటనవేళ్లతో రెండు కొసలూ నొక్కాం. టిక్, టిక్. ముందు పాత కార్డుతోనే బటన్ నొక్కించాను. తెర వచ్చింది. ఆపేసి కొత్త కార్డు పెట్టాం. అదీ వచ్చింది. చచ్చిందనుకున్న కార్డుకి చేసిన వైద్యం ఏమీ లేదు.

మీ బోర్డులో చిన్న పరీక్ష లైట్లు ఉంటే పని ఇంకా సులువు. చాలా కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చుక్కలు ఉంటాయి. ఏ చుక్క వెలిగి ఆరకుండా ఉంటే తగువు అక్కడ. లైట్లు లేని బోర్డుకి చిన్న బజర్ తగిలిస్తే అది కూతలతో చెబుతుంది. ఏ కూతకి ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది, బోర్డు పుస్తకంలో చూడాలి.

ఇవన్నీ అయ్యాకే బోర్డు సొంత ప్రోగ్రామైన బయోస్. తీగ పీకి, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే పాత సెట్టింగులు చెరిగిపోతాయి. బాగా పాత కంప్యూటర్ అయితే, కొత్త కార్డు కోరే యూఈఎఫ్ఐ పద్ధతి దాని బయోస్‌కి రాకపోవచ్చు. పాత కార్డు పెట్టి బోర్డు కంపెనీ సైటు నుంచి బయోస్ అప్‌డేట్ చేసుకుని, అప్పుడు కొత్తది పెట్టాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం. ఈదురుగాలి వీచే సాయంత్రం ఆ పని పెట్టుకోకండి.

ఒక హెచ్చరిక. బయోస్ జోలికి వెళ్లే ముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ మార్పుల తర్వాత విండోస్ ఆ కీ అడిగితే, లేనివాళ్లు తమ ఫొటోలకి తామే పరాయివాళ్లవుతారు.

లోగో వచ్చి ఆగిపోతే

ఈ మజిలీలో మొదట చూడాల్సింది డిస్కు. పొడుగు కార్డు దూర్చేటప్పుడు సాటా కేబుల్ వదులవడం మామూలే. "బూట్ డివైస్ లేదు" అన్న సందేశం వస్తే కేబుల్ నొక్కి చూడండి. బయోస్ రీసెట్ చేశాక ఈ సందేశం వస్తే, విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి ఉండొచ్చు. బూట్ పద్ధతి మునుపటిలా పెడితే లేస్తుంది.

విండోస్ గుర్తు కనబడి తెర నల్లబడితే అనుమానం డ్రైవర్ మీద. సేఫ్ మోడ్‌లో లేపండి. అక్కడ తెర వస్తే కార్డు ప్రాణం భేషుగ్గా ఉన్నట్టే. పాత డ్రైవర్ ఆనవాళ్లు తుడిచేయడానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనం ఉంది. దాంతో తుడిచి, కార్డు చిప్ తయారీదారు సొంత సైటు నుంచే కొత్త డ్రైవర్ తెచ్చుకోండి. ఏఎండీ నుంచి ఎన్విడియాకో, అటునుంచి ఇటో మారినవాళ్లకి ఇది తప్పనిసరి అనుకోండి.

వాపూ, బలుపూ

మావాడి కథ తెరతో ముగియలేదు. అక్క మజ్జిగ ఇచ్చింది, తాగుతూ కూర్చున్నాం. వాడు ఆట మొదలుపెట్టాడు. పది నిమిషాలు కాకుండానే టప్పున ఆగి, దానంతట అదే మళ్లీ మొదలైంది.

"చెప్పానా, కార్డులోనే ఉంది!" అన్నాడు. ఒక నింద తప్పని తేలినా మనసు అదే ముద్దాయి కోసం ఇంకో నేరం వెతుకుతుంది.

ఈసారి ఆగింది నాలుగో మజిలీలో. నేను ఎస్సెంపీఎస్ పక్కనున్న లేబుల్ చదవమన్నాను. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. "చూశావా, సరిపోతుంది" అన్నాడు. కింద సన్నక్షరాల్లో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుందో చూడమన్నాను. 18.

లెక్క వేయండి. 12 ని 18 తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా తినేది ఈ 12 వోల్టుల నుంచే. 3060 కి 170 వాట్లు, ఐ5 8400 కి 65. మొత్తం 235. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా కలపనే లేదు. పాత కార్డు 75 వాట్లతో సరిపెట్టుకున్నన్నాళ్లూ ఈ గుట్టు బయటపడలేదు. వాపుని చూసి బలుపనుకోవడమంటే ఇదే. మీరు ఎస్సెంపీఎస్ కొనేటప్పుడు పైన రాసిన అంకెని కాదు, 12 వోల్టుల గడిని చదవండి. 3060 కి ఎన్విడియా సూచించేది 550 వాట్ల ఎస్సెంపీఎస్.

లెక్క సరిపోయినా కూలిపోవచ్చు. కొత్త కార్డులు సగటున తినేదానికంటే, క్షణంలో అతి చిన్న వంతు పాటు చాలా ఎక్కువ గుంజుతాయి. ఈ గుంజుడుని తట్టుకోవడానికే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం చేసిన పెద్ద ఎస్సెంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు బరువుని 100 మైక్రోసెకన్ల పాటు మోయాలి. పెద్ద కార్డు కొంటుంటే ఈ ప్రమాణం పేరు ఎస్సెంపీఎస్ పెట్టె మీద ఉందో లేదో చూడండి.

చవక కన్వర్టర్లతో కడుపు నింపకండి. మోలెక్స్ తీగలు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. ఊడదీసే తీగలున్న మాడ్యులర్ ఎస్సెంపీఎస్ కొంటే దానితో వచ్చిన తీగలే వాడండి. పాత ఎస్సెంపీఎస్ తీగ కొత్తదాంట్లో చక్కగా దూరుతుంది, కానీ లోపల పిన్నుల వరస వేరైతే బోర్డూ డిస్కూ కాలిపోతాయి. పెద్ద కార్డుకి రెండు పవర్ పిన్నులుంటే, ఒకే తీగకున్న రెండు తలలు కాకుండా రెండు విడి తీగలు వేయడం మంచిది.

మంచి కంపెనీ 550 వాట్లది తెప్పించి, కన్వర్టర్ చెత్తబుట్టలో వేశాం. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు మళ్లీ ఫోన్. ఈసారి కంప్యూటర్ ఆగిపోయే ముందు కీచుమని శబ్దం వస్తోందట. ఆ కీచు కంప్యూటర్‌ది కాదు, కింద పెట్టిన యూపీఎస్‌ది. ఇళ్లలో ఎక్కువగా కనబడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లే. కార్డు, ప్రాసెసరు, మిగతావి, మానిటరు, వేడి కింద పోయేది కలిపితే మావాడి బరువు ఆ అంచుకి వచ్చింది. కాగితంలో ఏడో లైను గుర్తుందా? ప్లగ్గులు మార్చేటప్పుడు వాడు స్పీకర్లు కూడా యూపీఎస్‌కే తగిలించాడు.

ఇంతవరకూ చెప్పింది కరెంటు గురించి. బరువు మీద కూలడానికి రెండో కారణం వేడి. రెంటచింతల, రామగుండం ఎండల్లో గదే కాగుతున్నప్పుడు క్యాబినెట్ లోపలి సంగతి చెప్పక్కర్లేదు. పరీక్ష సులువు. పక్క తలుపు తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి అదే ఆట ఆడండి. కూలడం ఆగితే కార్డు బాగుంది, గాలి చాలడం లేదు.

ఈ రెండింట్లో ఏదో తెలియకపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరవండి. 41 అంకెతో కెర్నల్ పవర్ అని ఉంటే కంప్యూటర్ సక్రమంగా మూయకుండా ఆగిపోయిందని మాత్రమే అర్థం. ఎందుకన్నది అది చెప్పదు. 4101 ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ బదులు పలకకపోతే విండోస్ దాన్ని లేపి కూర్చోబెట్టిందని. మొదటిది తరచూ వస్తే కరెంటు వైపు, రెండోది వస్తే డ్రైవర్, వేడి, కార్డు వైపు నడవండి.

కార్డుదే తప్పని తేలితే

కొత్త కోడలిదే తప్పయిన సందర్భాలూ లేకపోలేదు. కొత్త కార్డుల్లోనూ పాడైనవి వస్తాయి. తేల్చే పరీక్ష ఒక్కటే: మార్పిడి. మీ కార్డుని, సరిపడా ఎస్సెంపీఎస్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో పెట్టండి. అతని కార్డుని మీదాంట్లో పెట్టండి. మీ కార్డు అక్కడా మొరాయించి, అతనిది మీ దగ్గర హాయిగా నడిస్తే తీర్పు వచ్చేసినట్టే. అలాంటి స్నేహితుడు లేకపోతే క్యాబినెట్ చంకన పెట్టుకుని హార్డ్‌వేర్ దుకాణాలున్న చోటికి వెళ్లండి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. ముందే మీ కాగితం చూపించండి. "పనిచేయట్లేదు" అన్నవాడికంటే "ఫలానా మజిలీలో ఆగింది, ఇవి ఇవి చూశాను" అన్నవాడికి పని త్వరగా అవుతుంది.

పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. బిల్లు, సీరియల్ నంబరు ఫొటో దాచుకోండి. ముఖ్యంగా, వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని పరీక్షలన్నీ ఆలోపే ముగించండి.

సెకండ్ హ్యాండ్ కార్డయితే జాగ్రత్త రెట్టింపు. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్లు నడిచిన కార్డులెన్నో సంతకి వచ్చాయి. కొనేముందు అరగంట ఆట ఆడించి చూడండి. పాత చిప్‌కి కొత్త పేరు తగిలించి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అలాంటి చాలా నకిలీలని పట్టిస్తుంది.

ఈ వారం చేయాల్సింది

మీ కంప్యూటర్ ఇప్పుడు బాగా నడుస్తోందా? అయితే ఈరోజే ఒక కాగితం తీసుకోండి. ఎస్సెంపీఎస్ లేబుల్‌లో 12 వోల్టుల గడి, బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, ఏ ర్యామ్ ఏ స్లాటులో ఉందో, యూపీఎస్ వాట్లు, బిట్‌లాకర్ కీ ఎక్కడుందో రాసి పెట్టండి. క్యాబినెట్ తలుపు తీసి లోపల ఒక ఫొటో తీయండి. చెడిన రోజున వెనక్కి వెళ్లడానికి దారి కావాలి. ఆ దారి బాగున్న రోజునే వేసుకోవాలి.

మావాడి కాగితం మడతపెట్టి కార్డు పెట్టెలో బిల్లుతో పాటు ఉంది. మూడో లైను ర్యామ్, ఆరో లైను కన్వర్టర్ పెట్టి నెట్టుకొచ్చిన ఎస్సెంపీఎస్, ఏడో లైను యూపీఎస్. మూడింటికీ ఎర్ర ఇంకుతో చుట్లు చుట్టాడు. కార్డు గురించి రాసిన ఐదో లైనుకి చుట్టు లేదు.